టాకింగ్ హెడ్స్ వినాలనుకుంటే ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

టాకింగ్ హెడ్స్ అనే అమెరికన్ బ్యాండ్‌ని వినమని నాకు మొదట చెప్పిన స్నేహితుడు 'రిమెయిన్ ఇన్ లైట్' పేరే చెప్పాడు. ఏ జాబితా చూసినా అదే పైన ఉంటుంది కాబట్టి అతని తప్పేమీ లేదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని, వంట చేసుకుంటూ విన్నాను. రెండు పాటలయ్యాక ఆపేశాను. అంతా ఒకటే మోతలా వినిపించింది. పాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ మలుపు తిరిగిందో తెలియలేదు. మళ్లీ ఆ బ్యాండ్ జోలికి వెళ్లడానికి మూడేళ్లు పట్టింది. రెండోసారి 'స్టాప్ మేకింగ్ సెన్స్' అనే కచేరీ సినిమాతో మొదలుపెట్టాను. అది చూశాక అదే 'రిమెయిన్ ఇన్ లైట్' వింటే నెల రోజులు ఇంకేమీ వినబుద్ధి కాలేదు. ఆల్బమ్ మారలేదు, నేను లోపలికి వెళ్లిన గుమ్మం మారింది.

ఈ బ్యాండ్ విషయంలో మొదటి అడుగు అంత ముఖ్యం. పదకొండేళ్లలో ఎనిమిది స్టూడియో ఆల్బమ్‌లు చేశారు. మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి వింటే ఒకే బ్యాండ్ అని నమ్మడం కష్టం. బక్కచిక్కిన గిటార్ పాటలు, ఫంక్, పశ్చిమ ఆఫ్రికా లయలు, గాస్పెల్, కంట్రీ, కరీబియన్ సంగీతం అన్నీ ఉన్నాయి. 'టాకింగ్ హెడ్స్ నాకు నచ్చలేదు' అనే మాట విన్నప్పుడల్లా 'ఏ టాకింగ్ హెడ్స్?' అని అడగాలనిపిస్తుంది.

ముందు నాలుగు మాటలు, ఎవరు వీళ్లు

పాటలు పాడే డేవిడ్ బర్న్ స్కాట్లాండ్‌లో పుట్టి అమెరికాలో పెరిగాడు. డ్రమ్స్ వాయించే క్రిస్ ఫ్రాంట్జ్, టీనా వేమౌత్, అతను రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో కలిశారు. అంటే వీళ్లు సంగీత కళాశాల పిల్లలు కాదు, చిత్రకళ చదివినవాళ్లు. న్యూయార్క్‌కి మకాం మార్చాక బేస్ గిటార్ వాయించేవాళ్లు దొరక్కపోతే టీనా తనే నేర్చుకుంది. 1975 జూన్‌లో సీబీజీబీ అనే క్లబ్బులో రామోన్స్ బ్యాండ్‌కి ముందు వాయించడంతో వీళ్ల ప్రయాణం మొదలైంది. 1977లో జెర్రీ హారిసన్ కీబోర్డ్, గిటార్‌లతో నాలుగో మనిషిగా చేరాడు. పంక్ అనే మొరటు, వేగపు రాక్ సంగీతం పుట్టిన చోటే ఉన్నారు గానీ పంక్ వేషం వేయలేదు. మామూలు చొక్కాలు, పొట్టి జుట్టు, ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాళ్ల వాలకం. అలాంటి సంగీతానికి అప్పట్లో 'న్యూ వేవ్' అనే పేరు స్థిరపడింది.

ఎంచుకునే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సినవి

మొదటిది, మీరు పాటలో ముందు దేన్ని పట్టుకుంటారు? ట్యూన్‌నా, నడకనా (బేస్, డ్రమ్స్ కలిసి నడిపే లయ)? మనలో ఎక్కువమంది పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అన్న వరసకు అలవాటుపడిన చెవులవాళ్లం. మధ్యలో బీజీఎం వస్తుందని, చరణంలో ట్యూన్ వేరే దారి పడుతుందని తెలియకుండానే ఎదురుచూస్తాం. టాకింగ్ హెడ్స్ ఆల్బమ్‌లలో సగం ఆ వరసలోనే ఉంటాయి. మిగతా సగంలో ఒకే నడక మొదటి నుంచి చివరిదాకా తిరుగుతుంది. ఏ సగంతో మొదలుపెడతారన్నది మీ అలవాటును బట్టి ఉండాలి.

రెండోది, మాటలు. బర్న్ పెద్ద పదాలు వాడడు. భవనాలు, తిండి, గాలి, కాగితం, టీవీ, ఉద్యోగం, ఇల్లు వంటి రోజూ వాడే మాటలతోనే రాస్తాడు. ఇంగ్లీషు పాటల్లో మాటలు అర్థం కావని భయపడేవాళ్లకు ఇది ఊరట. అయితే ఆ తేలిక మాటల వెనక మనిషి టెన్షన్ ఉంటుంది. అది కొన్ని ఆల్బమ్‌లలో మరీ ఎక్కువ.

మూడోది, ఎక్కడ వింటారు? వినడానికి చిన్న విషయంలా ఉన్నా నన్ను మూడేళ్లు దూరం చేసింది ఇదే. ఈ బ్యాండ్‌కి ప్రాణం టీనా బేస్. ఫోన్ స్పీకర్‌లో బేస్ వినిపించదు, అది లేకపోతే మధ్య ఆల్బమ్‌లలో మిగిలేది గోలే. మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా చాలు గానీ, ఏదో ఒకటి ఉండాలి.

నాలుగోది ఓపిక. ఒక్క పాటతో తేల్చుకునే రకమా, నలభై నిమిషాలు ఒకచోట కూర్చునే రకమా? రెండూ తప్పు కాదు, దారులు మాత్రం వేరు.

ఒక్క చూపులో

| ఆల్బమ్ | ఏడాది | ఏది ముందు | వినడానికి | ఎవరికి |
|---|---|---|---|---|
| టాకింగ్ హెడ్స్: 77 | 1977 | మాటలు, గిటార్ | తేలిక | నలుగురి బ్యాండ్‌ని ఇష్టపడేవాళ్లకు |
| మోర్ సాంగ్స్ అబౌట్ బిల్డింగ్స్ అండ్ ఫుడ్ | 1978 | బేస్, డ్రమ్స్ | తేలిక | నడక కావాలి, పాటా కావాలి అనేవాళ్లకు |
| ఫియర్ ఆఫ్ మ్యూజిక్ | 1979 | మూడ్ | కాస్త కష్టం | రాత్రిపూట ఒంటరిగా వినేవాళ్లకు |
| రిమెయిన్ ఇన్ లైట్ | 1980 | లయ | ఓపిక కావాలి | హెడ్‌ఫోన్స్, తీరిక ఉన్నవాళ్లకు |
| స్పీకింగ్ ఇన్ టంగ్స్ | 1983 | నడక, ట్యూన్ రెండూ | తేలిక | డాన్స్ ఇష్టమున్నవాళ్లకు |
| స్టాప్ మేకింగ్ సెన్స్, సినిమా | 1984 | మనుషులు | చాలా తేలిక | దాదాపు అందరికీ |
| లిటిల్ క్రీచర్స్ | 1985 | ట్యూన్ | చాలా తేలిక | పల్లవి, చరణం చెవులకు |
| ట్రూ స్టోరీస్ | 1986 | ట్యూన్ | తేలిక | మిగతావన్నీ అయ్యాక |
| నేకెడ్ | 1988 | వాద్యబృందం | మధ్యస్థం | ఆఫ్రికా, కరీబియన్ సంగీతం ఇష్టమున్నవాళ్లకు |

పట్టికలో అన్నీ సమానంగా కనిపిస్తున్నాయి గానీ నా దృష్టిలో సమానం కావు. అసలు పోటీ నాలుగింటి మధ్యే. వాటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి రెండూ: నలుగురు మాత్రమే ఉన్న రోజులు

'77'లో వినిపించేది నలుగురు మనుషులు, వాళ్ల మధ్య ఉన్న ఖాళీ. గిటార్ సన్నగా, ఎండుపుల్లలు విరిచినట్టు మోగుతుంది. బర్న్ గొంతు ఎక్కడ తెగిపోతుందో అన్నట్టు ఉంటుంది. 'సైకో కిల్లర్' ఇందులోదే. టీనా బేస్ ఒక్కటే ఆ పాటని మోస్తుంది, మధ్యలో ఫ్రెంచ్ ముక్కలు దొర్లుతాయి. అమెరికా హాట్ 100 పట్టికలో అది 92వ స్థానం దగ్గరే ఆగిపోయింది. ఇవాళ ఈ బ్యాండ్ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చే పాట మాత్రం అదే.

ఈ ఆల్బమ్‌తో మొదలుపెట్టమని చెప్పేవాళ్లు ఉన్నారు. కాలక్రమంలో వింటే ఎదుగుదల తెలుస్తుందని వాళ్ల వాదన. నేను ఒప్పుకోను. పుస్తకం మొదటి పేజీ నుంచి చదవాలి గానీ బ్యాండ్‌ని అలా వినాలని నియమమేమీ లేదు. తర్వాత వీళ్లు ఎక్కడికి చేరారో తెలిశాక '77' వింటే ఆ ఖాళీ విలువ తెలుస్తుంది. ముందే వింటే మంచి గిటార్ బ్యాండ్ అని మాత్రమే అనిపిస్తుంది.

రెండో ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్‌గా బ్రయాన్ ఈనో వచ్చాడు. ఇంగ్లండ్ మనిషి, రాక్సీ మ్యూజిక్‌లో పనిచేసినవాడు. ఈ బ్యాండ్ అంటే ఎంత ఇష్టమంటే వాళ్ల పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి తన ఆల్బమ్‌లో ఒక పాటకి పేరు పెట్టుకున్నాడు. బహామాస్‌లోని కంపాస్ పాయింట్ స్టూడియోలో రికార్డు చేశారు. ఇక్కడి నుంచి బేస్, డ్రమ్స్ ముందుకొచ్చాయి. అల్ గ్రీన్ పాడిన 'టేక్ మీ టు ద రివర్' పాటని వీళ్లు బాగా నెమ్మది చేసి, అడుగు బరువు పెంచి పాడారు. అమెరికాలో 26వ స్థానం దాకా వెళ్లింది. నల్లజాతి సంగీతంతో వీళ్ల అసలు స్నేహం మొదలైంది ఇక్కడేనని నా అభిప్రాయం.

ఈ రెండింటి మధ్యే తేల్చుకోవాల్సి వస్తే 1978 ఆల్బమ్ తీసుకోండి. '77'లో లేని వెచ్చదనం అందులో ఉంది.

'ఫియర్ ఆఫ్ మ్యూజిక్'నా, 'రిమెయిన్ ఇన్ లైట్'నా?

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. రెండూ ఈనోతో చేసినవి, రెండూ చీకటిగా ఉంటాయి, రెండింటికీ గొప్ప పేరుంది. కానీ పనిచేసే తీరు పూర్తిగా వేరు.

1979 నాటి 'ఫియర్ ఆఫ్ మ్యూజిక్' భయాల జాబితాలాంటిది. చాలా పాటలకు ఒక్క మాటే పేరు: గాలి, జంతువులు, మనసు, నగరాలు, మందులు, స్వర్గం. ఒక్కో పాటలో ఒక మనిషి ఆ ఒక్క వస్తువుని చూసి కంగారుపడుతుంటాడు. గాలి కూడా తనకి హాని చేస్తుందనుకునే మనిషిని తీసుకుని పాట రాశాడు బర్న్. నవ్వు వచ్చేలోపే జాలి వేస్తుంది. కొన్ని పాటల వాయిద్యాలను క్రిస్, టీనాల ఇంట్లోనే రికార్డు చేశారు. అట్ట నల్లగా, చేత్తో తడిమితే ఇనుప రేకులా గరుకుగా ఉంటుంది. అది జెర్రీ హారిసన్ ఆలోచన.

ఈ ఆల్బమ్ మొదటి పాట 'ఐ జింబ్రా' గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దానికి మాటలు కుదరకపోతే హ్యూగో బాల్ రాసిన, ఏ భాషకీ చెందని శబ్దాల కవితని తీసుకున్నారు. ఆ కవి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జూరిచ్‌లో డాడా అనే, అర్థాన్నే ఎగతాళి చేసిన కళా ఉద్యమం నడిపినవాడు. అర్థం లేని అక్షరాలు, కింద ఆఫ్రికా పోకడ ఉన్న లయ, పైన రాబర్ట్ ఫ్రిప్ గిటార్. ఇంగ్లీషు యాస అర్థం కాదని వెనకాడే మనవాళ్లకు నేను మొదట వినిపించేది ఇదే. ఇక్కడ లండన్ వాడికీ, మనకీ ఒక్కటే స్థాయి, ఎవరికీ ముక్క అర్థం కాదు. మూడు నిమిషాల ఈ పాటలోనే తర్వాతి ఆల్బమ్ మొత్తం విత్తనంలా ఉంది.

ఆ తర్వాతి ఆల్బమే 'రిమెయిన్ ఇన్ లైట్', 1980 అక్టోబర్. ఎనిమిదే పాటలు, దాదాపు నలభై నిమిషాలు. మళ్లీ బహామాస్ వెళ్లారు, ఈసారి చేతిలో తయారైన పాటలు లేకుండా. నైజీరియా సంగీతకారుడు ఫెలా కూటి రికార్డులు అప్పటికే విని ఉన్నారు. ఒక చిన్న ముక్క వాయించడం, దాన్నే తిప్పి తిప్పి వాయించడం, దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి వేసుకుంటూ పోవడం, ఆ తర్వాత ఏ ముక్క ఎప్పుడు వినిపించాలో మిక్సింగ్‌లో తేల్చుకోవడం. మాటలు చివర్లో వచ్చాయి. 'వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్' పాటకి బర్న్ రేడియోలో ప్రసంగించే అమెరికన్ మతబోధకుల ధోరణిని పట్టుకున్నాడు. అందుకే అందులో పాడటం కన్నా ఉపన్యాసం ఎక్కువ.

మన చెవికి ఇది మొదట ఎందుకు ఎక్కదో ఇప్పుడు నాకు తెలుసు. కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, మారవు. ట్యూన్ ఇంకో చోటికి వెళ్లి తిరిగి రాదు. మనం చరణం కోసం ఎదురుచూస్తూ ఉంటాం, చరణం రాదు. ఇక్కడ వినాల్సింది పొరల్ని. కోలాటంలో ఒక్కొక్కరి చేతిలోని కర్ర వేసే దెబ్బ చాలా మామూలుది. ఒక్కరే వేస్తే చూడబుద్ధి కాదు. పదహారు మంది వేస్తే, ఎవరి దెబ్బ ఎవరి దెబ్బకి జవాబో కనిపెట్టడంలోనే కన్ను చిక్కుకుంటుంది. 'ద గ్రేట్ కర్వ్' అలాంటి పాట. మూడు రకాల కోరస్ గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతుంటే మధ్యలో ఏడ్రియన్ బిల్యూ గిటార్ ఏనుగులా ఘీంకరిస్తుంది. మొదటిసారి బేస్ ఒక్కదాన్నే పట్టుకుని చివరిదాకా వెళ్లండి. రెండోసారి గిటార్. మూడోసారి కోరస్ గొంతులు. నాలుగోసారి అన్నీ కలిపి వినండి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ లయ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా దీన్ని ఆకాశానికెత్తడం న్యాయం కాదు. ఫెలా కూటిని కూడా వినండి. బెనిన్ దేశంలో పుట్టిన గాయని ఏంజెలిక్ కిడ్జో 2018లో ఈ ఆల్బమ్ మొత్తాన్ని తన పద్ధతిలో మళ్లీ పాడింది. అరువు తీసుకున్నది అసలు యజమానుల చేతికి తిరిగి వెళ్లినట్టు ఉంటుంది. కొందరికి కిడ్జో ఆల్బమే ముందు ఎక్కుతుంది, ఎందుకంటే ఆమె గొంతులో బర్న్‌లో లేని ఆనందం ఉంది. ఆ దారిన వెళ్లి అసలు ఆల్బమ్‌కి వచ్చినా నష్టమేమీ లేదు.

బ్యాండ్ లోపల దీనికి పెద్ద మూల్యమే చెల్లించారు. అందరూ కలిసి వాయించి పెంచిన పాటలకు రాసినవారి పేర్లు ఎలా వేయాలన్న దానిమీద మనసులు విరిగాయి. బ్యాండ్‌గా ఈనోతో పని ఇక్కడితో ముగిసింది.

తేల్చి చెప్పాలంటే: పాటలో ఒక మనిషిని వెతుక్కునేవాళ్లకు 'ఫియర్ ఆఫ్ మ్యూజిక్'. పాటలో గుంపుని వెతుక్కునేవాళ్లకు 'రిమెయిన్ ఇన్ లైట్'. రెండోదే గొప్పదని నేను నమ్ముతాను. అయినా మొదట వినాల్సింది ఇది కాదు.

విడివిడి పనులు, విరామం

1981లో ఎవరి దారి వారు పట్టారు. బర్న్, ఈనో కలిసి రేడియో గొంతులు, ఎక్కడెక్కడి రికార్డుల గొంతులు అతికించి 'మై లైఫ్ ఇన్ ద బుష్ ఆఫ్ గోస్ట్స్' చేశారు. క్రిస్, టీనా 'టామ్ టామ్ క్లబ్' అనే వేరే బ్యాండ్ పెట్టి 'జీనియస్ ఆఫ్ లవ్' అనే హాయైన పాట చేశారు. 1995లో మరాయా కేరీ 'ఫాంటసీ' పాటకి దాన్నే వాడుకుంది కాబట్టి తెలియకుండానే మీరు విని ఉంటారు. తొంభైల పాప్ ఇష్టమైతే ఇది మీకు దొడ్డిదారి. 'జీనియస్ ఆఫ్ లవ్' విని అటు నుంచి లోపలికి రండి.

'స్పీకింగ్ ఇన్ టంగ్స్', 'స్టాప్ మేకింగ్ సెన్స్': ఒకే ఇంటికి రెండు తలుపులు

1983 నాటి 'స్పీకింగ్ ఇన్ టంగ్స్' ఈనో లేకుండా బ్యాండ్ తనే తయారుచేసుకున్నది. బర్న్ ముందు ట్యూన్ మీద నోటికొచ్చిన శబ్దాలు పాడి, ఆ శబ్దాలకు సరిపోయే మాటలు తర్వాత వెతుక్కున్నాడు. మన సినిమా సంగీతంలో ట్యూన్‌కి డమ్మీ మాటలు పాడి వినిపిస్తే రచయిత పాట రాసే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. 'బర్నింగ్ డౌన్ ద హౌస్' అమెరికాలో 9వ స్థానానికి చేరింది. మొత్తం జీవితంలో వీళ్లకు మొదటి పదిలోకి వెళ్లిన పాట అదొక్కటే.

నా మనసులో మాత్రం ఈ ఆల్బమ్ అంటే చివరి పాటే, 'దిస్ మస్ట్ బి ద ప్లేస్'. ఎవరికి అలవాటైన వాయిద్యం వాళ్లు పక్కనపెట్టి, మార్చుకుని వాయించారు. అందుకే అది అంత అమాయకంగా ఉంటుంది. చిన్న వరస ఒకటి తిరుగుతూ ఉంటే, ఇన్నేళ్లుగా కంగారుగా అరిచిన మనిషి మొదటిసారి ఇంటి గురించి, ప్రేమ గురించి నెమ్మదిగా మాట్లాడతాడు. ఊరికి దూరంగా హాస్టల్‌లోనో పరదేశంలోనో ఉన్నవాళ్లు ఈ పాట వినండి. ఎందుకని నేను వివరించక్కర్లేదు.

ఇక సినిమా. 1983 డిసెంబర్‌లో హాలీవుడ్‌లోని పాంటేజెస్ థియేటర్‌లో జరిగిన కచేరీలను జోనథన్ డెమ్మీ చిత్రీకరించాడు. ఖాళీ స్టేజీ. బర్న్ ఒక్కడే గిటార్, టేప్ రికార్డర్ పట్టుకుని వస్తాడు, 'సైకో కిల్లర్' పాడతాడు. తర్వాతి పాటకి టీనా. ఆ తర్వాతి దానికి క్రిస్ డ్రమ్స్‌తో. ఆపైన జెర్రీ. అప్పటికి '77' నాటి నలుగురు. తర్వాత ఒక్కొక్కరే కొత్తవాళ్లు చేరతారు: పార్లమెంట్-ఫంకాడెలిక్ బృందపు కీబోర్డ్ దిగ్గజం బెర్నీ వోరెల్, గిటార్‌తో అలెక్స్ వీర్, తాళవాద్యాలతో స్టీవ్ స్కేల్స్, కోరస్ గొంతులతో లిన్ మాబ్రీ, ఎడ్నా హోల్ట్. చూస్తుండగానే తొమ్మిది మంది అవుతారు.

అందరికీ ముందు ఈ సినిమానే చూడమనడానికి కారణం ఇది. టాకింగ్ హెడ్స్ ఎన్నో రకాల సంగీతాలను కలిపిందని రాయడం తేలిక. ఆ కలయిక ఎలా జరిగిందో చెవితో మాత్రమే పట్టుకోవడం కష్టం. ఇక్కడ కంటికి కనిపిస్తుంది. ఒక్కో మనిషి స్టేజీ మీదికి వస్తే ఒక్కో సంగీతం వచ్చి చేరుతుంది. బ్యాండ్ ఎనిమిదేళ్ల ప్రయాణం తొంభై నిమిషాల లోపే మీ ముందు నడుస్తుంది. 'రిమెయిన్ ఇన్ లైట్'లో నేను మోత అనుకున్నది ఇక్కడ మనుషులుగా విడిపోయింది. ఈ శబ్దం వోరెల్ వేళ్లది, ఆ కేక లిన్ మాబ్రీది అని గుర్తుపట్టాను. తర్వాత ఆల్బమ్‌లోనూ ఆ పాత్రల్ని వెతుక్కోగలిగాను. ఇంకొకటి, వీళ్లు నవ్వుతారు. పరిగెడతారు. రికార్డుల్లో భయపెట్టిన బర్న్ ఇక్కడ ఒక పాటలో ఇంట్లో పెట్టుకునే నిలువు దీపంతో నాట్యం చేస్తాడు, ఇంకో పాటకి భుజాలు మోయలేనంత పెద్ద సూటు వేసుకుని వస్తాడు. ప్రేక్షకుల ముఖాలు చివరిదాకా పెద్దగా చూపించరు కాబట్టి మనమే హాల్లో కూర్చున్నట్టు ఉంటుంది.

2023లో కొత్త 4కే ప్రింట్‌తో మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఏళ్ల తరబడి ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోని నలుగురూ ఆ సందర్భంగా టొరంటోలో ఒకే వేదిక మీద కూర్చున్నారు.

ఆడియో మాత్రమే వినేవాళ్లకు జాగ్రత్త: 1984 నాటి ఎల్పీలో తొమ్మిది పాటలే ఉన్నాయి. కచేరీ క్రమం తెగిపోయింది. 1999లో వచ్చినది గానీ, 2023 నాటి పెద్ద ఎడిషన్ గానీ తీసుకోండి. అదీ హెడ్‌ఫోన్స్‌తో.

లైవ్ అనగానే ఇంకోటి గుర్తుచేయాలి. 1982లో వచ్చిన 'ద నేమ్ ఆఫ్ దిస్ బ్యాండ్ ఈజ్ టాకింగ్ హెడ్స్' రెండు రికార్డుల సెట్. మొదటి రికార్డు 1977–79 నాటి నలుగురిది, రెండోది 1980–81 నాటి పెద్ద బృందానిది. సినిమా అంత మెరుగు లేదు గానీ పచ్చిగా, వేడిగా ఉంటుంది. సినిమా చూసి ఇష్టపడి, ఇంకా కావాలనుకునేవాళ్లకు నా మొదటి సిఫారసు ఇదే. 2004 నాటి విస్తరించిన ఎడిషన్‌లో పాటలు చాలా ఎక్కువ.

ట్యూన్ కావాలనేవాళ్లకు: 'లిటిల్ క్రీచర్స్'

1985లో బ్యాండ్ ఒక్కసారిగా సర్దుకుంది. తొమ్మిది మంది మళ్లీ నలుగురయ్యారు. పాటలు పొట్టివయ్యాయి. పల్లవి, చరణం తిరిగొచ్చాయి. 'అండ్ షీ వాజ్', 'రోడ్ టు నోవేర్' రెండూ మొదటిసారి వినగానే నోటికొచ్చేస్తాయి. రెండోది గాస్పెల్ బృందగానంలా మొదలై అకార్డియన్‌తో కవాతులా సాగుతుంది. బ్రిటన్‌లో 6వ స్థానానికి చేరింది. అమెరికాలో ఇరవై లక్షల కాపీలకు పైగా అమ్ముడైన ఆల్బమ్ ఇది.

సీరియస్ అభిమానులు దీన్ని చిన్నచూపు చూస్తారు. ఆ చూపు నాకు నచ్చదు. పసిపిల్లలు, ఇల్లు, ఊరు వంటి విషయాలమీద ఇంత శ్రద్ధగా పాటలు కట్టడం తక్కువ పని కాదు. ఇంట్లో అమ్మతోనో, పిల్లలతోనో కలిసి వినాలంటే ఈ బ్యాండ్‌లో ఇంతకన్నా మంచి ఆల్బమ్ లేదు. దీనితో మొదలుపెడితే ఒక్కటే ఇబ్బంది. ఇక్కడి నుంచి 'రిమెయిన్ ఇన్ లైట్'కి నేరుగా దూకితే కాళ్లు విరుగుతాయి. మధ్యలో 'స్పీకింగ్ ఇన్ టంగ్స్' మెట్టు వేసుకోండి.

'ట్రూ స్టోరీస్' గురించి ఎక్కువ చెప్పను. బర్న్ టెక్సాస్ నేపథ్యంలో తీసిన సినిమా పాటల్ని బ్యాండ్ పాడిన ఆల్బమ్. 'వైల్డ్ వైల్డ్ లైఫ్' హుషారుగా ఉంటుంది. 'రేడియో హెడ్' అనే పాట పేరునే ఇంగ్లండ్‌లో ఒక బ్యాండ్ తన పేరుగా పెట్టుకుంది. మీకు రేడియోహెడ్ ఇష్టమైతే ఆ ఒక్క పాట వినండి, ఆల్బమ్ తర్వాత చూసుకోవచ్చు.

చివరిది, 'నేకెడ్'

1988లో వచ్చింది. పారిస్ వెళ్లి, అక్కడ స్థిరపడ్డ ఆఫ్రికా, కరీబియన్ సంగీతకారులతో కలిసి చేశారు. స్టీవ్ లిల్లీవైట్ ప్రొడ్యూసర్. మొదటి సగం ఇత్తడి వాద్యాలతో పండగలా ఉంటుంది, రెండో సగం చీకటి పడుతుంది. 'నథింగ్ బట్ ఫ్లవర్స్'లో ఇంగ్లండ్ బ్యాండ్ 'ద స్మిత్స్' గిటారిస్ట్ జానీ మార్ గిటార్ ఉంది. నగరాలు పోయి పొలాలూ పూలూ మిగిలిన లోకంలో, పాత దుకాణాలను తలుచుకుని బెంగపడే మనిషి పాట అది. ఊరి చెరువు ప్లాట్లుగా మారడం చూసిన మనకు ఆ కథ తలకిందులుగా తగులుతుంది. 'రిమెయిన్ ఇన్ లైట్'తో పోలిస్తే ఇక్కడ ఆఫ్రికా సంగీతకారులు స్వయంగా ఉన్నారు. లయ మరింత సహజంగా ఉంది, సాహసం మాత్రం తగ్గింది. దీని తర్వాత బ్యాండ్ ఆల్బమ్ చేయలేదు. 1991లో విడిపోయినట్టు ప్రకటించారు. 2002లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సన్మానంలో నలుగురూ కలిసి వాయించడమే చివరిసారి.

మరి మీరు ఎక్కడ మొదలుపెట్టాలి?

సినిమా పాటలు తప్ప వేరే అలవాటు లేదు, ఇంగ్లీషు సంగీతం కొత్త అనేవాళ్లు: 'స్టాప్ మేకింగ్ సెన్స్' చూడండి. తర్వాత 'లిటిల్ క్రీచర్స్', 'స్పీకింగ్ ఇన్ టంగ్స్', ఆ వరసలో.

మృదంగమో, తబలానో, డ్రమ్సో నేర్చుకుంటున్నవాళ్లు: మీకు నేను చెప్పిన జాగ్రత్తలు వర్తించవు. నేరుగా 'రిమెయిన్ ఇన్ లైట్'కి వెళ్లండి. బేస్ నేర్చుకునేవాళ్లు 1978 ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. టీనా తక్కువ స్వరాలతో ఎంత పని చేస్తుందో అక్కడ స్పష్టంగా వినిపిస్తుంది.

సాహిత్యం చదివే అలవాటున్నవాళ్లు: 'ఫియర్ ఆఫ్ మ్యూజిక్'. మాటలు ముందు పెట్టుకుని వినండి.

రోజూ బస్సులోనో మెట్రోలోనో వినేవాళ్లకు మధ్య ఆల్బమ్‌లు దండగ, సగం వినిపించవు. వాళ్లకు 1992లో వచ్చిన 'శాండ్ ఇన్ ద వాసలీన్' అనే రెండు సీడీల సంకలనం సరిపోతుంది. సంకలనాలంటే నాకు పెద్దగా ఇష్టం లేదు గానీ ఇది కాలక్రమంలో ఉంటుంది, ఏ మలుపు దగ్గర మీ చెవి నిలబడిందో తెలుస్తుంది. అక్కడి నుంచి ఆ ఏడాది ఆల్బమ్ పట్టుకోండి.

ఇవన్నీ విన్నాక బర్న్ మీద ఆసక్తి పెరిగితే, అతను 1988లో పెట్టిన లువాకా బాప్ అనే రికార్డు కంపెనీ వైపు చూడండి. బ్రెజిల్ సంగీతంతో మొదలైన ఆ కంపెనీ 1992లో మన పక్కనే ఉన్న కన్నడ సినిమా సంగీత దర్శకుడు విజయానంద్ పాటల్ని 'డాన్స్ రాజా డాన్స్' పేరుతో అమెరికాలో విడుదల చేసింది. ఎనభైల దక్షిణాది సినిమా పాటలు విని పెరిగినవాళ్లెవరైనా ఆ రికార్డుని మొదటి నిమిషంలోనే గుర్తుపడతారు. సింథ్, వయొలిన్లు, డ్రమ్ మెషీన్, కోరస్ అన్నీ ఒకే పాటలో.